ముందు ఇంట్లో ఏం నూనో అడగండి

షామియానా కింద మీ అమ్మానాన్నలు ఉక్కకు తాళలేక ఆహ్వాన పత్రికలతో విసురుకుంటున్నారు కాబట్టి, మర్యాదలు పక్కన పెడదాం.

ఫార్మసీ పట్టాలు అందుకున్న మీ ముందు నిలబడ్డ ఈ చర్మవైద్యుడు మార్కాపురం, గిద్దలూరు పల్లెల రోగుల మధ్యే తల నెరిపించుకున్నవాడు. పిల్లలు మోచేతులు, మోకాళ్లు చూపించేవారు. చెయ్యి వేస్తే గరగర. వెంట్రుక కుదురు కుదురుకీ ముల్లులాంటి పొక్కు. 1933లో నికోల్స్ దీనికి ఫ్రైనోడెర్మా, అంటే కప్ప చర్మం అని పేరు పెట్టి, విటమిన్ ఏ లోపమన్నాడు. అంత తేలిగ్గా తేలలేదు. హైదరాబాదులో, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో భట్, బెలవాడి ఈ రోగుల రక్తంలోని కొవ్వు ఆమ్లాలు కొలిచి 1967లో ప్రచురించారు. 1988లో గఫూరున్నీసా బృందమైతే, ఇది అత్యవసర కొవ్వు ఆమ్లాల లోపమేనా అన్న ప్రశ్ననే వ్యాసానికి శీర్షికగా పెట్టింది. జవాబు ఒక్కటి కాదు. బీ విటమిన్ల లోపానికీ ఇందులో వాటా ఉంది.

కొవ్వు లేని తిండి పెడితే ఎలుకల చర్మం పొలుసులు కడుతుందని అమెరికాలో బర్ దంపతులు 1929లోనే చూపించారు. అత్యవసర కొవ్వు ఆమ్లమైన లినోలిక్ ఆమ్లాన్ని మన ఒళ్లు తయారుచేసుకోలేదు, తిండిలో రావాల్సిందే. వచ్చినదాన్ని చర్మం సెరమైడ్లనే కొవ్వులకు జతచేసి పైపొర కణాల సందుల్లో నింపుకుంటుంది. నాపరాళ్ల మిద్దె సందుల్లో సున్నం ఊడితే వాన లోపలికి కారుతుంది. ఇక్కడ ఆ కొవ్వు తగ్గితే ఒంట్లో నీరు బయటికి పోతుంది.

ఇక ఆముదం. మన మార్కాపురం ప్రాంతంలో ఆముదం ఎరగని మోకాలుందా? మెత్తబరుస్తుంది, కాదనలేం. కానీ అందులో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే, లినోలిక్ నాలుగైదు శాతం. మామూలు రకం పొద్దుతిరుగుడు నూనెలో అది సగానికి పైగా ఉంటుంది, నువ్వుల నూనెలో 40 శాతం పైచిలుకు, కొబ్బరినూనెలో రెండే.

ఈ ముసలాయన దిగులు మాత్రం వేరు. గరుకు చర్మంతో వచ్చిన పిల్లను ఇంట్లో ఏం నూనె వాడుతున్నారని అడిగేవాడు లేడు, స్టెరాయిడ్ ట్యూబు చేతిలో పెట్టేవాడే! ఒరేయ్ అబ్బాయిలూ, గోల్డ్ మెడల్ అమ్మాయీ, నువ్వూ విను. ఆ స్టెరాయిడ్ నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది. తామర ఉంటే ఆనవాలు చిక్కకుండా పాకుతుంది. చీటీ లేకుండా ఎవరొచ్చి అడిగినా, మీ మామ అయినా సరే, స్టాకు లేదని చెప్పి డాక్టరు దగ్గరికి పంపండి.