కుప్పము నుండి కోలారు గనులకు

కుప్పము దాటిన పిదప రోడ్డు రాతి గుట్టల నడుమ, రాగిచేల ప్రక్కగా సాగును. త్రోవలోని చిగురుగుంట, బిసానత్తము గనులు మన సీమలోనివే. కోలారు గనులతోపాటు అవియు 2001లో మూతపడినవి. సరిహద్దు దాటగానే బూడిదవన్నె కొండలు కానవచ్చినవి. కొండలు కావు, బంగారము తీసివేయగా మిగిలిన సయనైడు మట్టి దిబ్బలు! గాలి వీచిన ఆ ధూళి ఇండ్లలోనికి వచ్చును.

ఛాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లకు పైమాట. 1902లో శివసముద్రము విద్యుత్తు ముందుగా ఈ గనులకే వచ్చినది. బెంగుళూరు వీథిదీపములు వెలిగినది 1905లో.

కూలీల వరుస యిండ్ల ముంగిట తెలుగు మాట వినవచ్చి ఆగితిమి. “తాతా, బంగారము చూచితివా?” అని అడిగితిమి. “రాళ్లే చూసినాం నాయనా” అనెను వృద్ధుడు. ఆయన కుమారుడు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పనికి పోవుచున్నాడట.