ఆటలతో స్పానిష్

ఇంగ్లండు ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో 7 నుంచి 11 ఏళ్ల పిల్లలకు మరో భాష నేర్పడం 2014 నుంచి తప్పనిసరి. చాలా బడులు స్పానిష్ ఎంచుకున్నాయి. తరగతి సంగతి సరే, బడి వదిలాక నడిపే క్లబ్బుకి పాఠ్యపుస్తకం ఎందుకండీ? మెక్సికోవాళ్ల లొటెరియా ఆట చాలు. మన తంబోలా లాంటిదే, అంకెల బదులు బొమ్మలుంటాయి. మొత్తం 54 కార్డులు, ఒక్కో అట్ట మీద 16 బొమ్మలు. "గాయో" అంటే కోడిపుంజు మీద, "లూనా" అంటే చంద్రుడి మీద చిక్కుడు గింజ పెట్టాలి. మొదట పది, పన్నెండు బొమ్మలతోనే ఆడించండి. తర్వాత పేర్లు పిలిచే పని పిల్లలకే అప్పగించండి, నోరు తిరిగేది అప్పుడే. ఎలాగూ పాలపళ్లు ఊడే వయసు కనుక పెరెజ్ ఎలుక కథా చెప్పండి. స్పెయిన్ బాలరాజు పదమూడో అల్ఫోన్సో కోసం రచయిత లూయిస్ కొలోమా రాసిన కథ అది. స్పెయిన్‌లో ఊడిన పన్ను దిండు కింద పెడితే ఆ ఎలుక పట్టుకుపోయి కానుక ఇస్తుంది.