చలానా వస్తే సాక్ష్యం అడగండి
(చందూర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



చందూర్ నుంచి నిజామాబాద్‌కో, బోధన్‌కో బండి నడుపుకొని బతికే మన యువకుల ఫోన్లకు అతివేగం చలానాలు వస్తున్నాయి. 2015లో బోధన్ చక్కెర కర్మాగారం మూతపడ్డాక ఈ ప్రాంతంలో నెల జీతం దొరికే పనులు తగ్గాయి. ఆటో నడిపే ఇంట్లో వెయ్యి రూపాయల జరిమానా అంటే వారం రోజుల సరుకులు. అయినా “పోలీసులతో, కోర్టుతో మనకెందుకు” అని తప్పు చేయనివారు కూడా కట్టేస్తున్నారు. మరికొందరు రాయితీ కోసం ఎదురుచూస్తున్నారు. ద్విచక్ర వాహనాలకు 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చిన మాట నిజమే. కాని రాయితీ వేరు, న్యాయం వేరు.

చట్టం ఏమంటున్నదో చూడండి. 1988 మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ ప్రకారం, బండి వేగంగా పోయిందని ఒక్క సాక్షి తన అభిప్రాయం చెప్పినంత మాత్రాన శిక్ష వేయరాదు. ఆ అభిప్రాయానికి యంత్రం కొలిచిన ఆధారం ఉండాలి. 2021లో కేంద్రం చేర్చిన 167ఏ నిబంధన మరింత స్పష్టంగా ఉంది. కెమెరాలున్న మార్గానికి ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి. యంత్రానికి ఆమోద పత్రం ఉండాలి. బండి నంబరు కనిపించే ఫొటో, కొలిచిన వేగం, తేదీ, సమయం, స్థలం నోటీసులో చూపాలి. ఆ నోటీసును 15 రోజుల్లోగా పంపాలి.

కాబట్టి చలానా రాగానే ఫొటో చూడండి. బండి మీదేనా? ఆ వేళ అక్కడ ఉన్నారా? తేడా ఉంటే పోలీసు శాఖకు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపి, అందినట్లు రశీదు తీసుకోండి. ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసినవాడిగా చెబుతున్నాను: నోటిమాట ఫైలులోకి ఎక్కదు, అర్జీ ఎక్కుతుంది. అక్కడ వినకపోతే మేజిస్ట్రేటు ముందు “నేరం ఒప్పుకోవడం లేదు” అని చెప్పే హక్కు మీకుంది. అప్పుడు నేరాన్ని రుజువు చేసే భారం ప్రభుత్వానిదే. వాయిదా మాత్రం తప్పవద్దు. స్త్రీలకు, ఆదాయ పరిమితికి లోబడిన పేదలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

అయితే వాయిదాలకు తిరిగితే కూలి పోతుంది. ఓడితే జరిమానా పెరగవచ్చు కూడా. అందుకే నిజంగా వేగంగా నడిపినవారు నిజాయితీగా కట్టండి, వేగం తగ్గించండి. అబద్ధంతో కోర్టుకెక్కడం మన ధర్మం కాదు. తప్పు చేయనివారు భయంతో తల వంచడమూ మన ధర్మం కాదు.

ప్రతి మసీదు కమిటీ చదువుకున్న ఇద్దరు యువకులను ఈ పనికి నియమించాలని కోరుతున్నాను. చలానా చదివి, అర్జీ రాసి, వాయిదా నాడు తోడు వెళ్లేవారుంటే పేదవానికి కోర్టు మెట్లు అంత ఎత్తుగా కనిపించవు.