ధనమునకు సంతానము కలదా?



కిందటి వారము ఉపన్యాసము ముగిసిన తరువాత ఒక పెద్దమనిషి మండపము మెట్లవద్ద నన్ను ఆపి ఒక ప్రశ్న అడిగినారు. వారు ఉద్యోగ విరమణ చేసినవారు. చేతికి వచ్చిన సొమ్ములో కొంత తెలిసినవారికి నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చియున్నారట. ఇది పాపమా, వ్యాపారమా అని వారి సందేహము. పక్కన నిలిచియున్న యువకుడొకడు వెంటనే అందుకొని, "ఇటువంటి సందేహాలు మనకే గాని పాశ్చాత్యులకు ఉండవు తాతగారూ. వాళ్ళకు డబ్బు వేరు, దేవుడు వేరు" అన్నాడు. పెద్దవారి ప్రశ్నకు నేను అప్పుడు సమాధానము చెప్పలేకపోయినాను. యువకుని మాట నిజము కాదని మాత్రము చెప్పి, అది ఎట్లు నిజము కాదో ఈ వారము చూపెదనని మాట ఇచ్చినాను. నేటి ప్రసంగము ఆ మాట చెల్లించుకొనుటకే.

అప్పు ఇచ్చినవాడు అసలుకు మించి తీసుకొనవచ్చునా? ఈ ఒక్క ప్రశ్నపై ఐరోపా ఖండములో రెండువేల ఏండ్లకు పైగా వాదము జరిగినది. తత్త్వవేత్తలు మొదలుపెట్టినారు, మతాచార్యులు శాసించినారు, న్యాయవేత్తలు మినహాయింపులు కనిపెట్టినారు, కట్టకడపట అర్థశాస్త్రజ్ఞులు వచ్చి ప్రశ్ననే మార్చివేసినారు. నేడు మనము అర్థశాస్త్రమని చదువుచున్న పాశ్చాత్య విద్య చాలవరకు ఈ ధర్మవిచారణ వాకిటిలోనే పెరిగినదని నా అభిప్రాయము.

మొదటివాడు అరిస్టాటిల్. క్రీస్తుపూర్వము 384లో జన్మించిన ఈ గ్రీకు తత్త్వవేత్త తన రాజనీతి గ్రంథము మొదటి భాగములోనే ఈ విషయమును ఎత్తుకొన్నాడు. నేడు లోకమంతయు వాడుచున్న 'ఎకానమీ' అను మాట గృహనిర్వహణము అను అర్థము గల గ్రీకు పదమునుండి పుట్టినది. ఇల్లు గడచుటకు కావలసినది సమకూర్చుకొనుట ఒక విద్య, సంపాదన కొరకే సంపాదించుట వేరొక విద్య అని ఆయన విభజించినాడు. మొదటిదానికి హద్దు కలదు. గాదె నిండినది, కడుపు నిండినది అని చెప్పుకొనుటకు ఒక చోటు ఉన్నది. రెండవదానికి అట్టి చోటు లేదు. ఈ రెండవ విద్యలోను అత్యంత ద్వేషింపదగినది వడ్డీ అని ఆయన తీర్పు. ధనము పుట్టినది మారకము కొరకు. వస్తువును వస్తువుతో మార్చుటకు నడుమ నిలిచిన మధ్యవర్తి అది. ఆ మధ్యవర్తియే పిల్లలను కనుట ప్రకృతివిరుద్ధమని ఆయన వాదము. గ్రీకు భాషలో వడ్డీకిని, సంతానమునకును ఒకటే మాట. మన 'వడ్డి' కూడ 'వృద్ధి' నుండి వచ్చినదే గదా. గ్రీకువారు బిడ్డ అన్నారు, మనము పెరుగుదల అన్నాము. ఆ పెరుగుదల ఎక్కడిదని అడిగినవాడు అరిస్టాటిల్.

తరువాత మతము. యూదుల ధర్మశాస్త్రము సోదరుని వద్ద వడ్డీ తీసుకొనరాదని, పరదేశి వద్ద తీసుకొనవచ్చునని విధించినది. లూకా సువార్తలో ఏసు తిరిగి ఆశింపక అప్పు ఇండని బోధించినాడు. ఈ వాక్యముల ఆధారముతో క్రైస్తవ సంఘము మెట్టు మెట్టుగా కట్టడి బిగించినది. 325లో నైసియా మహాసభ మతాధికారులకు మాత్రమే వడ్డీని నిషేధించినది. 1179లో మూడవ లాటరన్ మహాసభ, బహిరంగముగా వడ్డీ వ్యాపారము చేయువారికి ప్రసాద స్వీకారమును, క్రైస్తవ విధితో కూడిన ఖననమును నిరాకరించినది. 1311–12లో వియెన్ మహాసభ, వడ్డీ పాపము కాదని మొండిగా వాదించువాడు మతద్రోహియే అని ప్రకటించినది. చచ్చిన తరువాత శవమునకు స్థలము దొరకదన్న భయము ఆ కాలపు మనిషికి ఎంత పెద్దదో మనము ఊహించుకొనవలెను. యువకుడా, వాళ్ళకు డబ్బు వేరు, దేవుడు వేరు అన్నావు. దేవుని కోటకు తాళముచెవి డబ్బు సంచిలోనే ఉన్నదని వణకిన జాతులవి.

ఈ నిషేధమునకు తర్కము కూర్చినవాడు 1274లో గతించిన తామస్ అక్వినాస్. ఆయన ఎత్తిపొడవలేదు, శపింపలేదు. చిన్న ఉదాహరణ చెప్పినాడు. దానివద్ద మనము కొంచెము ఆగవలెను. కొన్ని వస్తువులను వాడుకొన్నను అవి మిగిలియుండును. ఇల్లు అట్టిది. ఏడాది కాపురమున్నను ఇల్లు ఇల్లుగనే ఉండును గనుక, ఇంటిని తిరిగి ఇచ్చివేయుట వేరు, అందు ఉన్నందుకు అద్దె ఇచ్చుట వేరు. గోధుమలు, ద్రాక్షారసము అట్టివి కావు. వాటిని వాడుట అనగా తినివేయుట, త్రాగివేయుట. గోధుమలను అమ్మి, వాటిని తిన్నందుకు మరల వేరుగా వెల అడిగినచో ఒకే వస్తువును రెండుసార్లు అమ్మినట్లగును. అక్వినాస్ దృష్టిలో డబ్బు గోధుమల జాతికి చెందినది. డబ్బును వాడుట అనగా ఖర్చుపెట్టుట. నూరు ఇచ్చినవాడు నూరు పుచ్చుకొనుట న్యాయము. ఆ నూరును వాడుకొన్నందుకు ఇంకొక పది అడుగుట లేనిదానిని అమ్ముట.

అయితే ఆయన వ్యాపారమునకు శత్రువు కాడు. ఒకడు తన ధనమును వర్తకుని చేతిలో భాగస్వామిగా పెట్టినాడనుకొందము. ఓడ మునిగినచో ఇద్దరికీ నష్టము. అప్పుడు ధనము ఇచ్చినవానిదే, భయము వానిదే గనుక లాభములో పాలు వానికి న్యాయమే. అప్పు అట్లు కాదు. ఓడ మునిగినను అప్పులవాడు తీర్చవలసినదే. నష్టభయము ఎవరి నెత్తిన ఉన్నది? అక్వినాస్ తర్కములో తేలవలసిన ప్రశ్న ఇది. అప్పు ఇచ్చుటవలన నిజముగా నష్టపోయినవాడు ఆ నష్టమునకు పరిహారము కోరవచ్చునని కూడ ఆయన అంగీకరించినాడు. ఇవ్వకుండ ఉన్నచో ఇంత సంపాదించియుందును గదా అను లెక్కను మాత్రము అంగీకరింపలేదు. ఇంకను చేతికి రానిదానిని అమ్ముట ఎట్లని ఆయన ప్రశ్న.

ఆ కిటికీ చాలినది. వచ్చిన తరములలో న్యాయవేత్తలు దానిని తలుపు చేసినారు, తలుపును సింహద్వారము చేసినారు. కోల్పోయిన లాభమునకును పరిహారము న్యాయమే అన్నారు. నేడు మనము చెప్పుకొనుచున్న 'ఇంటరెస్టు' అను ఆంగ్ల పదము లాటిను న్యాయభాషలో నడుమనున్న తేడా అను అర్థము గలది. అప్పు ఇవ్వకముందు స్థితికిని, ఇచ్చిన తరువాత స్థితికిని నడుమనున్న తేడా అన్నమాట. పాపమునకు ఒక పేరు, పరిహారమునకు ఒక పేరు. చేతులు మారిన సొమ్ము కొన్నిసార్లు ఒక్కటే. పేరు మార్చినంతనే మనస్సు ఊరడిల్లుట మానవ స్వభావము. ఇందులో ప్రాక్పశ్చిమ భేదము నాకు కనబడదు.

కాని అందరి మనస్సులును ఊరడిల్లలేదు. ఇటలీలోని పాడువా నగరములో స్క్రొవేన్యీ వంశమువారు వడ్డీ వ్యాపారముతో ధనవంతులైనారు. ఆ వంశపు రెజినాల్డోను దాంతే మహాకవి తన కావ్యములో నరకమున, మెడకు సంచి కట్టుకొని మండుటిసుకపై కూర్చున్న వడ్డీ వ్యాపారుల నడుమ చూపినాడని వ్యాఖ్యాతలు గుర్తించినారు. ఆయన కుమారుడు ఎన్రికో ఒక ప్రార్థనాలయమును కట్టించి, జొట్టో అను చిత్రకారునిచే గోడలనిండ బొమ్మలు వేయించినాడు. 1305లో అది ప్రతిష్ఠింపబడినది. తండ్రి పాపము కడుగుటకే కట్టించినాడని చాలకాలముగా చెప్పుకొందురు, కేవలము ప్రతిష్ఠ కొరకని ఎదురుచెప్పువారును కలరు. గోడమీద అంతిమ తీర్పు చిత్రములో ఎన్రికో మోకరిల్లి ఆలయపు నమూనాను సమర్పించుచుండును. ప్రపంచ చిత్రకళలో శిఖరమనదగిన ఆ గోడలకు మూలధనము వడ్డీ సొమ్మే.

ఈ నిషేధమువలన జరిగిన అన్యాయమును దాచరాదు. క్రైస్తవులకు వడ్డీ పాపము. అప్పు మాత్రము రాజులకును, రైతులకును కావలెను. యూదులకు భూమి, చేతివృత్తుల సంఘములు చాలచోట్ల మూయబడినవి. అందుచేత ఆ పని వారిమీద పడినది. పని చేయించుకొన్నవారే వారిని అసహ్యించుకొన్నారు. రాజులు వారినుండి పన్నులు పిండి, చాలనప్పుడు వెళ్ళగొట్టినారు. ఇంగ్లండునుండి 1290లో మొదటి ఎడ్వర్డు యూదులనందరిని బహిష్కరించినాడు. తాను పాపము చేయక ఇతరునిచేత చేయించి, వానిని పాపి అనుట ధర్మమెట్లగును? సోదరుడు, పరదేశి అను ఆ పాత వాక్యములోని రెండు మాటలు ఎన్ని ప్రాణములు తీసినవో!

ఫ్రాన్సిస్కను సన్యాసులు వేరొక దారి చూపినారు. 1462లో పెరుజియా నగరములో వారి ప్రేరణతో పేదలకు కుదువమీద అప్పు ఇచ్చు ధర్మనిధి ఏర్పడినది. గుమాస్తా జీతము, భద్రపరచు ఖర్చు వచ్చునంత కొద్ది రుసుము మాత్రము తీసుకొనెడివారు. కొద్ది అయినను వడ్డీ వడ్డీయే అని డొమినికను సన్యాసులు కొందరు ఎదురు తిరిగినారు. అర్ధశతాబ్ది తగవు జరిగిన తరువాత, 1515లో ఐదవ లాటరన్ మహాసభ ఆ నిధులు నిర్దోషములని తీర్పు చెప్పినది.

ఇక జాన్ కాల్విన్. 1545లో ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో ఆయన అరిస్టాటిల్ వాదమును నిలదీసినాడు. డబ్బు గొడ్రాలు అనుచున్నారు, మంచిదే, పెట్టెలో పెట్టి మూసినచో పిల్లలను పెట్టదని బాలురకును తెలియును. కాని ఇంటి గోడలనుండి డబ్బు పుట్టుచున్నదా? అద్దె మాత్రము న్యాయమెట్లైనది? డబ్బుతో పొలము కొన్నవానికి పొలము పండుచున్నది గదా? ఇది ఆయన తర్కసారము. ఇంతవరకు చదివి కాల్విన్ వడ్డీకి ద్వారములు తెరచినాడని చాలమంది పుస్తకము మూసివేయుదురు. అదే లేఖలో ఆయన పెట్టిన షరతులను చదువరు. పేదవానివద్ద తీసుకొనరాదు. అవసరములో ఉన్నవానిని పిండరాదు. అప్పు తీసుకొన్నవాడు ఆ డబ్బుతో కనీసము అంతయైనను లాభము పొందవలెను. దేశచట్టము నిర్ణయించిన హద్దు దాటరాదు. అక్వినాస్ డబ్బు స్వభావమును చూచినాడు, కాల్విన్ తీసుకొన్నవాని స్థితిని చూచినాడు. నా మట్టుకు ఇది ఆ సుదీర్ఘ వాదములో ముఖ్యమైన మలుపు.

ఆపై చట్టముల కాలము. ఇంగ్లండులో 1545లో ఎనిమిదవ హెన్రీ ఏటికి నూటికి పదివరకు అనుమతించినాడు. తగ్గుచు తగ్గుచు ఆ హద్దు 1714 నాటికి ఐదుకు దిగినది. మన స్మృతికారులును వడ్డీ అసలును మించి పెరుగరాదని హద్దు గీసినవారే. కౌటిల్యుడు నెలకు నూటికి ఒకటింపాతిక పణము ధర్మ్యమైన వడ్డీ అన్నాడు.

స్వేచ్ఛావాణిజ్యమునకు ఆదిగురువని పేరొందిన ఆడం స్మిత్ ఈ హద్దును తీసివేయుమనియుండునని మీరు అనుకొనవచ్చును. ఆయన అట్లనలేదు. గ్లాస్గోలో నీతిశాస్త్ర ఆచార్యుడుగా పని చేసిన ఆయన 1776 నాటి మహాగ్రంథములో, హద్దు ఎనిమిదికో పదికో పెంచినచో డబ్బు దుబారా మనుష్యులకును, గాలిమేడలు కట్టువారికిని చేరునని, నెమ్మదస్తులు అంత వడ్డీకి తీసుకొనజాలరని వ్రాసినాడు. దీనికి ప్రత్యుత్తరముగా జెరెమీ బెంథాం రష్యాలో ఉండి వడ్డీని సమర్థించుచు లేఖలు వ్రాసి 1787లో ప్రకటించినాడు. కడపటి లేఖ స్మిత్‌కే. వయస్సు వచ్చి, బుద్ధి తిన్నగా ఉన్నవాడు తెలిసి చేసికొన్న ఒప్పందమును అడ్డుటకు మీరెవరని ఆయన ప్రశ్న. 1854లో ఇంగ్లండు వడ్డీ హద్దుల చట్టములను రద్దు చేసినది. బెంథాం గెలిచినాడు. విచిత్రమేమన, 1936లో కీన్సు తన మహాగ్రంథములో, వడ్డీపై ప్రాచీన మతాచార్యుల వైఖరి అర్థరహితమని తనకు చిన్ననాట నేర్పినారని, చదువగా చదువగా అందులో నిజాయితీగల ఆలోచన కనబడినదని ఒప్పుకొన్నాడు.

పెద్దవారి ప్రశ్నకు వచ్చెదను. వారు ఈ ఉదయము మా ఇంటికి వచ్చినారు. జరిగినది వారి అనుమతితోనే చెప్పుచున్నాను. నేను తీర్పు చెప్పలేదు. పాత ఆచార్యులు అడిగిన రెండు ప్రశ్నలనే అడిగినాను. ఇచ్చుటవలన మీరు కోల్పోయినది ఎంత? బ్యాంకులో వేసియున్నచో ఏడాదికి నూటికి సుమారు ఏడు వచ్చియుండునని వారు లెక్క చెప్పినారు. పుచ్చుకొనుచున్నది ఇరువదినాలుగు. నడుమ పదిహేడు మిగిలినవి. ఎగవేత భయము కొంత ఉండును గదా అన్నారు. ఇంతవరకు ఎవరైనను ఎగవేసినారా అంటిని. లేదన్నారు.

తీసుకొన్నవారు ఎవరన్నది రెండవ ప్రశ్న. సంచిలోనుండి రెండు ప్రామిసరీ నోట్లు తీసి బల్లమీద పెట్టినారు. ఒకటి కూరగాయల దుకాణము పెట్టుకొన్నవానిది. వాడు బాగుగనే సంపాదించుచున్నాడట. రెండవది భార్య శస్త్రచికిత్సకు తీసుకొన్నవానిది. పెద్దవారు ఆ రెండవ కాగితమును చాలసేపు చూచి, కలము అడిగి తీసుకొని, వెనుకవైపున ఇంతవరకు ముట్టిన వడ్డీ అంతయు అసలు క్రింద జమ అని వ్రాసి సంతకము చేసినారు. మొదటి నోటు సంగతి మేమిద్దరము ఇంకను తేల్చుకొనలేదు.