చెరువులో నేర్చుకున్న బండి

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక పొదుపు సంఘం లీడరు మాట్లాడిన మాటలు)



మా పొదుపు ఎంత, అప్పు ఎంత, ఎన్ని కంతులు కట్టినాము అనేది ఈ పుస్తకంలోనే పట్టికలో ఉంది, చూసుకోవచ్చు. మమ్మల్ని బండి గురించి చెప్పమన్నారు. బయట వేపచెట్టు కింద నిలబెట్టి వచ్చినాము. లోపలికి వచ్చేటప్పుడు చూసే ఉంటారు, వెనక కుడి పక్కన కొంచెం నొక్కుకుని ఉంటుంది. ఆ నొక్కు సంగతి కూడా చెబుతాము.

2022లో బ్యాంకు లింకేజీ అప్పులో నుండి 1,80,000 రూపాయలు పెట్టి పాత టాటా ఏస్ ఒకటి కొన్నాము. మా పదకొండు మందిలో ఎనిమిది మందికి టమాట తోటలు. మా వూరి నుండి మదనపల్లె మార్కెట్టుకు 28 కిలోమీటర్లు. బాడుగ బండ్లోళ్లు వాళ్ళకు వీలున్నప్పుడు వచ్చేవాళ్ళు, వాళ్ళు చెప్పిందే రేటు. కోసిన కాయ ఒక పూట ఆలస్యమైతే వేలంలో ఏమవుతుందో మీకు మేము చెప్పాల్సిన పని లేదు. సొంత బండి ఉంటే మన కాయ మన టైముకు పోతుంది, ఖాళీ రోజుల్లో బాడుగకు తిప్పుకోవచ్చు అనుకున్నాము. నెలకు 12,000 జీతానికి డ్రైవరును పెట్టుకున్నాము.

ఒక మాట దాచకుండా చెప్పాల. బండి కొనే తీర్మానంలో డీజిలు, ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ, టైర్లు, డ్రైవరు జీతం అన్నీ రాసినాము. మనలో ఎవరైనా నేర్చుకుంటే అనే మాట మాత్రం పదకొండు మందిలో ఒక్కరి నోట కూడా రాలేదు. ఎవరూ వద్దనలేదు, మాకే తోచలేదు.

2023 జూన్ చివర టమాట ధర ఎక్కడం మొదలైంది. జూలైలో కిలో వంద దాటింది. ఆ నెలంతా టీవీలో మదనపల్లె పేరే. అందరూ టమాట రైతులు లక్షాధికారులైనారు అనుకున్నారు గానీ, కాయ ఉన్నోడికే కదా డబ్బు. మాలో నలుగురికే ఆ నెల కాపు ఉండింది. అదే సమయానికి బండ్లకు, డ్రైవర్లకు గిరాకీ వచ్చింది. ఒకరోజు తెల్లవారి మా డ్రైవరు తాళంచెవి మా అరుగు మీద పెట్టి పోయినాడు. వేరే బండి యజమాని రెండింతలు ఇస్తానన్నాడంట. అతన్ని తప్పు పట్టము, అతనికీ ఇల్లుంది, పిల్లలున్నారు. కానీ ఆ రోజు కోసిన కాయ గట్టు మీదనే ఉండిపోయింది. మధ్యాహ్నం దాకా బాడుగ బండి కోసం తిరిగినాము. దొరికిన బండికి మామూలుకు మూడింతలు ఇచ్చినాము.

తరువాత రెండు వారాలు మా బండి కింద కోళ్ళు పడుకున్నాయి. కంతు మాత్రం ఆగదు కదా. సంఘం మీటింగులో పెద్దక్క అమ్మేద్దాం అనింది. ఆమె మా సంఘం మొదలైనప్పటి నుండి ఉంది, వారానికి పది రూపాయలు కట్టిన కాలం నుండి. "బండి నిలబడితే తుప్పు, తిరిగితే ఖర్చు. నా డబ్బు నాకు కనపడేటట్టు ఉండాల" అనింది. ఆమె చెప్పింది తప్పు కాదు. అందరం తల వంచుకుని ఉంటే, మూడో తరగతి చదివిన మా చిన్న చెల్లి ఒకామె, "మనమే నేర్చుకుంటే పోలా?" అనింది. అందరం నవ్వినాము. మొగోళ్ళు తరువాత నవ్వినారు, మొదట నవ్వింది మేమే.

ఆ రాత్రి నవ్వినోళ్ళకు నిద్ర పట్టలేదు. మరుసటి రోజు నలుగురం మా వూర్లో లారీ తోలి మానుకున్న ఒక మామ దగ్గరికి పోయినాము. ఇరవై అయిదేండ్లు బొంబాయి, మద్రాసు తిరిగిన మనిషి. మోకాళ్ళ నొప్పితో ఇంట్లో ఉన్నాడు. ఆయన మూడు మాటలు చెప్పినాడు. పొద్దున అయిదుకల్లా రావాల. నేను అరుస్తా, ఏడవకూడదు. ఎల్‌ఎల్‌ఆర్ చేతిలో లేకుండా నేను సీట్లో కూర్చోబెట్టను.

ఎల్‌ఎల్‌ఆర్ అంటే నేర్చుకునేవాళ్ళ లైసెన్సు. ఆధారు, వయసు రుజువు పెట్టి అర్జీ పెట్టుకోవాల. నలభై దాటినోళ్ళకు డాక్టరు దగ్గర ఫారం 1ఏ కావాల. కంప్యూటరు మీద రోడ్డు గుర్తుల పరీక్ష ఉంటుంది, తెలుగులోనే రాయొచ్చు. మా చిన్న చెల్లి మూడో తరగతికి లైసెన్సు ఇయ్యరంట కదా అని బయపడింది. బాడుగ బండి తోలేవాళ్ళకు ఎనిమిదో తరగతి ఉండాలనే రూలు ఒకప్పుడు ఉండేది నిజమే, 2019లో దాన్ని తీసేసినారు. ఆమెకు గుర్తులన్నీ నోటికి వచ్చు, కానీ ప్రశ్న చదివేలోపల టైము అయిపోయి మొదటిసారి తప్పింది. అప్పుడు మా ఇంట్లో పదో తరగతి చదివే పిల్లోడు రోజూ రాత్రి ఆమెకు ప్రశ్నలు చదివించినాడు. రెండోసారికి పాసైంది. చదవడం కూడా అప్పుడే పెరిగింది, ఇప్పుడు మినిట్స్ పుస్తకం ఆమే చదువుతుంది.

ఆ యేడు వాన లేదు, మా చెరువు ఎండిపోయి ఉండింది. ఊరికి అది కరువు, మాకు మాత్రం గ్రౌండు. ముందర, వెనక తెల్ల అట్ట మీద ఎర్రగా ఎల్ అని రాసి కట్టుకుని తెల్లవారకముందే చెరువులోకి దిగేవాళ్ళము.

మొదటి రోజు నలుగురిలో ఒక్కరం కూడా బండిని పది గజాలు నడపలేదు. క్లచ్చి వదలగానే ఎగిరి ఆగిపోతుంది. మళ్ళీ తాళం, మళ్ళీ ఎగరడం. సీటు ముందుకు లాగినా మాకు కాళ్ళు అందలేదు, వీపు వెనక దిండు పెట్టుకున్నాము. చెప్పులు జారితే వట్టి కాళ్ళతో నేర్చుకున్నాము. చీర కుచ్చిళ్ళు బ్రేకు కిందికి పోతాయని బొడ్లో దోపుకున్నాము. మామ అరిచిన అరుపులకు చెరువుగట్టు మీద కుక్కలు కూడా లేచినాయి. నాలుగో రోజు ఆయనే విసిగిపోయి, "మీరు అటక మీద నుండి నిండు కుండ ఎట్లా దింపుతారమ్మా? దబ్బున వదిలేస్తారా?" అన్నాడు. ఆ మాటతో మాకు అర్థమైంది. క్లచ్చి సగం దాకా వచ్చినప్పుడు బండి ఒళ్ళు కొంచెం వణుకుతుంది, అక్కడ కాలు ఆపాల, కుండ బరువు చేతిలోకి వచ్చినట్టు. అప్పుడు ఎక్సలేటరు. ఇంత చిన్న సంగతి నాలుగు రోజులు ఎట్లా తెలియలేదో! స్టీరింగు కూడా అంతే. ఎనుము కొమ్ములు పట్టినట్టు పట్టుకుంటే చేతులు నొప్పి తప్ప బండి తిరగదు.

రెండో గేరులో మొదటిసారి చెరువు చుట్టూ తిరిగిన రోజు మాలో ఒకామె దిగి, బానెట్టు మీద చెయ్యి పెట్టి ఏమీ మాట్లాడకుండా నిలబడింది. మామ కూడా ఆ రోజు అరవలేదు.

పది రోజులకు పిల్లగాళ్ళు గట్టు మీదికి రావడం మొదలుపెట్టినారు. ఎవరో వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టినారు, బండి ఎగిరి ఆగేది, మేము దిండు సర్దుకునేది. ఊరంతా చూసింది. మాలో ఒకామె ఇంట్లో పెద్ద గొడవైంది. "నలుగురు మొగోళ్ళు నవ్వుతుంటే నువ్వు యాడ తిరుగుతాండావు" అని ఆమె ఇంటాయన మూడు రోజులు అన్నం తినలేదు. ఆమె వారం రాలేదు. మేము పోయి పిలవలేదు, పిలిస్తే గొడవ ఇంకా పెరుగుతుందని. ఎనిమిదో రోజు ఆమే వచ్చింది. ఏమి చెప్పి వచ్చినావు అని ఇప్పటికీ అడగలేదు.

ఇంక నొక్కు సంగతి. ముందరికి తోలడం వచ్చింది కదా అని ధైర్యమొచ్చి, బండిని ఊర్లోకి తెచ్చి సందులో రివర్సు పెట్టినాము. అద్దంలో చూస్తూ ఉంటే గోడ దూరంగా కనిపించింది. అది దూరంగా లేదు. ఒకరింటి పిట్టగోడ మూడు వరుసలు పడింది. ఆ ఇంటావిడ అరిచింది, అరవాల్సిందే. ఇటుకలకు, మేస్త్రీకి 4,500 అయింది. ఎవరు కట్టాల అని మీటింగులో గంట సేపు మాట్లాడినాము. ఆ రోజు స్టీరింగు పట్టింది ఎవరో మాకు తెలుసు. కానీ రేపు ఇంకొకరు పట్టాల. అందుకని సంఘం ఖర్చు కింద రాసుకున్నాము. పుస్తకంలో "బండి తగిలినందుకు" అని ఉంటుంది, ఎవరు తగిలించినారో ఉండదు. పెద్దక్క మాత్రం ఆ తీర్మానం మీద సంతకం పెట్టలేదు.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తరువాతే అసలు పరీక్షకు పోవాల, ఆరు నెలల లోపల పోవాల. ఆగస్టు చివర పోయినాము. హెచ్ ఆకారంలో కడ్డీలు నాటి ఉంటాయి, దాంట్లో ముందరికి పోయి, వెనక్కు వచ్చి, మలుపు తిప్పాల, కడ్డీకి తగలకూడదు. ఇద్దరం పాసైనాము, ఇద్దరం తప్పినాము. తప్పినోళ్ళు వారం ఆగి మళ్ళీ పోయినారు. ఆ వారం పసుపునీళ్ళు పోసిన పాత బాక్సులు చెరువులో హెచ్ లాగా పేర్చుకుని రివర్సే నేర్చుకున్నారు. ముందరికి వద్దు, ఉత్త రివర్సే.

అక్కడ బయట ఒక ఏజెంటు, సరుకు బండి తోలాలంటే వేరే బ్యాడ్జి కావాల, 3,000 అవుతుంది అన్నాడు. మామ ఇయ్యనియ్యలేదు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే చిన్న సరుకు బండికి మామూలు కారు లైసెన్సు చాలని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబరులో అయిదుగురు జడ్జీలు కూర్చుని మళ్ళీ అదే మాట ఖాయం చేసినారు. మీలో ఎవరన్నా ఇట్లా డబ్బు కట్టబోతుంటే ఆగండి, ముందు ఆఫీసులో కనుక్కోండి.

మేము సొంతంగా మొదటి లోడు మార్కెట్టుకు తీసుకుపోయింది సెప్టెంబరులో. అప్పటికి ధర పడిపోయి ఉంది. జూలైలో వంద దాటిన కాయను పది రూపాయలకు కూడా అడిగేవాడు లేడు, కొందరు రోడ్డు పక్కన పారబోసినారు. మేము నేర్చుకున్నది మంచి ధర రోజుల కోసమా అంటే, ఆ రోజులు మాకు అందలేదు. తెల్లవారి మూడు గంటలకు బయలుదేరినాము, ఇద్దరం ముందర కూర్చుని. ఎదురుగా లారీ లైట్లు పడితే కళ్ళు మూసుకోవాలనిపించేది, కానీ మూసుకునేదానికి లేదు. 28 కిలోమీటర్లకు గంటన్నర పట్టింది. మార్కెట్టు గేటు దగ్గర ఎత్తు ఉంది. ముందర బండి ఆగింది, వెనక పది బండ్లు. అక్కడ మా బండి వెనక్కు జారింది. హ్యాండు బ్రేకు లాగి, కుండ దింపినట్టు, కుండ దింపినట్టు అనుకుంటూ ఎక్కించినాము. మండీలో కూలీలు ఒక నిమిషం చూసినారు, తరువాత వాళ్ళ పనిలో వాళ్ళు పడినారు. ఆ రోజు వచ్చిన డబ్బులో డీజిలు, కమీషను, దింపుడు కూలి పోను మిగిలింది 640 రూపాయలు. డ్రైవరు జీతం, బాడుగ ఇయ్యాల్సి ఉంటే చేతి నుండి పడేది.

ఆ ధర లేని నాలుగు నెలలు మాకు డ్రైవరు జీతం మిగిలింది, అదే కంతు అయింది. బండి అమ్మలేదు. ఇప్పుడు తోలేవాళ్ళకు సంఘం ట్రిప్పుకు 300 ఇస్తుంది. మొదట్లో ఊరికే తోలినాము, అది పొరపాటు. మనమే కదా అని ఊరికే చేస్తే, నెల తిరిగేసరికి తోలే ఇద్దరికీ, తోలని తొమ్మండుగురికీ మనస్పర్థలు వచ్చినాయి. డబ్బు రాసుకున్నాక మాటలు తగ్గినాయి.

ఇంకొకటి. పెండ్లికి, జాతరకు వెనక తొట్టిలో మనుషుల్ని ఎక్కించుకోమని అందరూ అడుగుతారు. మేము ఎక్కించము. సరుకు బండిలో మనుషులకు ఇన్సూరెన్సు వర్తించదు, ఏదన్నా జరిగితే పదకొండు ఇండ్లు మునుగుతాయి. దీనికి మా వాళ్ళ దగ్గరే మాట పడినాము, గర్వమొచ్చింది అన్నారు. అననీ. ఈరోజు సభకు కూడా ఇద్దరమే బండిలో వచ్చినాము, మిగతా వాళ్ళు బస్సులో వచ్చినారు. పెద్దక్క బస్సులోనే వచ్చింది, ముందర సీటు ఖాళీ ఉందని చెప్పినా ఎక్కలేదు. ఆమె కాయలు మాత్రం మన బండికే ఎక్కిస్తుంది. బాక్సులు లెక్క పెట్టుకుని, తాడు తనే లాగి చూసుకుని గానీ పంపదు.

ఈ నెల మా సంఘంలో ఇంకో ఇద్దరు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నారు. చెరువులో ఈసారి నీళ్ళున్నాయి, అందుకని హైస్కూలు గ్రౌండు అడిగినాము, ఆదివారాలు పొద్దున వాడుకోమన్నారు. పక్క ఊర్ల సంఘాల నుండి నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఉంటే రండి, ఎల్‌ఎల్‌ఆర్ మీది, డీజిలు మీది. మామ ఇంకా అరుస్తాడు, అది ముందే చెబుతున్నాము. సభ అయినాక వేపచెట్టు దగ్గర ఉంటాము, కానీ ఎక్కువ సేపు ఉండము. రేపు మూడు గంటలకు లోడు ఉంది.