పలుచబరిచే మందే గడ్డకట్టించినప్పుడు
(గురువుగారి స్మారకోపన్యాసం)



ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేది డెంగీ. ఎక్కడ రక్తం కారుతుందోనన్న బెంగ, బొప్పాయి ఆకు రసం కోసం పరుగులు. ఈ పూట నేను చెప్పబోయే జబ్బులో ప్లేట్‌లెట్లు పడిపోతాయి గానీ, రక్తం సాధారణంగా కారదు, గడ్డకడుతుంది. దానికి కారణం గడ్డకట్టకూడదని ఇచ్చిన హెపారినే.

1916లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో, విలియం హోవెల్ ప్రయోగశాలలో జే మెక్‌లీన్ అనే విద్యార్థి రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతూ, అందుకు సరిగ్గా ఎదురు పనిచేసేదాన్ని పట్టుకున్నాడు. ఆ ఘనత ఎవరిదన్న తగవు చాలాకాలం నడిచింది. దాని జోలికి నేను పోను. 1930లలో టొరంటోలోనూ స్టాక్‌హోమ్‌లోనూ శుద్ధిచేసిన హెపారిన్ రోగులకు అందింది. నేడు పంది పేగుల నుంచి తీసే ఈ మందు లేకుండా డయాలసిస్ గదిని, గుండె ఆపరేషన్‌ను ఊహించలేం.

1957లో అమెరికాలోని డార్ట్‌మౌత్‌కు చెందిన రోజర్ వైస్‌మన్, రిచర్డ్ టోబిన్ ఒక సభలో 10 మంది రోగుల సంగతి చెప్పారు. హెపారిన్ మొదలుపెట్టి వారం దాటాక వాళ్ల ధమనులు ఉన్నట్టుండి మూసుకుపోయాయి. కోసి తీస్తే మామూలు ముదురెరుపు గడ్డలు కావవి. పాలిపోయి, లేత గులాబీ రంగులో, మెత్తగా ఉండేవి. గడ్డ కనబడితే హెపారిన్ ఇవ్వాలన్నది అప్పటి పాఠం. ఇచ్చేకొద్దీ కొత్త గడ్డలు! ఇంత చూసినా ప్లేట్‌లెట్లు లెక్కపెట్టాలన్న ఊహ ఎవరికీ రాలేదు. 1964లో ఫిలడెల్ఫియా సర్జన్లు మరో 11 మందిని చూపి, ఇది రోగనిరోధక వ్యవస్థ పని కావచ్చన్నారు. వాళ్లూ లెక్కపెట్టలేదు.

1973లో అమెరికాలోనే రోడ్స్, డిక్సన్, సిల్వర్ ఆ పని చేశారు. ఇద్దరు రోగుల్లో ప్లేట్‌లెట్లు దారుణంగా పడిపోయి ఉన్నాయి. మందు ఆపితే పెరిగాయి. వాళ్ల సీరమ్‌కు హెపారిన్ కలిపితే ప్లేట్‌లెట్లు గుంపుకట్టాయి. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. ఖరీదైన యంత్రం కాదు, ఒక మామూలు రక్తపరీక్ష.

ఈ చిక్కుముడిని 1992లో ఫ్రాన్స్‌లో జాన్ అమిరాల్ బృందం విప్పింది. ప్లేట్‌లెట్లు విడుదలచేసే పీఎఫ్4 అనే ప్రోటీన్‌కు హెపారిన్ అతుక్కుంటుంది. కొందరి శరీరం ఆ జంటను శత్రువనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. రెచ్చిన ప్లేట్‌లెట్లు గడ్డల్లో చిక్కుకుని తరిగిపోతాయి. సాధారణంగా ఇది 5 నుంచి 10వ రోజు మధ్య, లెక్క సగానికి పడిపోవడంతో బయటపడుతుంది. 1995లో కెనడాలో థియోడోర్ వార్కెంటిన్ బృందం తుంటి ఆపరేషన్ రోగుల మీద చూపిన లెక్క ఇది: మామూలు హెపారిన్ తీసుకున్న 332 మందిలో 9 మందికి వచ్చింది, తక్కువ అణుభారం ఉన్న రకం తీసుకున్న 333 మందిలో ఒక్కరికీ రాలేదు. అలాగని ఆ రకంతో అసలే రాదని కాదు.

వైద్య విద్యార్థులు ఇక్కడ కాస్త ఆగాలి. హెపారిన్ ఆపేసి, వెంటనే గడ్డకట్టనివ్వని వార్ఫారిన్ మాత్రలు మొదలుపెడితే కాలు కుళ్లిపోవచ్చు. ప్లేట్‌లెట్లు కోలుకునేదాకా దాన్ని ముట్టకూడదు. అర్గట్రోబాన్ వంటి వేరే మందు వాడాలి. లెక్క తగ్గింది కదా అని ప్లేట్‌లెట్లు ఎక్కించడమూ మామూలుగా పనికిరాదు. సెలైన్ గొట్టం మూసుకుపోకుండా పోసే కాస్త హెపారిన్ కూడా హెపారినే. దాన్నీ ఆపాలి.

2021లో ఒక కొవిడ్ టీకా తర్వాత అతి అరుదుగా కనిపించిన గడ్డల్ని జర్మనీలో గ్రైనాకర్ బృందం త్వరగా గుర్తుపట్టగలిగిందంటే, పీఎఫ్4 మీద యాంటీబాడీలు పుట్టే ఈ కథ అప్పటికే తెలిసి ఉండటమే కారణం. ఆ టీకానే మన దగ్గర కొవిషీల్డ్ పేరుతో వేశారు.

మీకు నా విన్నపం ఒక్కటే. ఇలాంటి రోగిని ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి పత్రంలో ‘హెపారిన్ పడదు’ అని పెద్ద అక్షరాలతో తెలుగులో కూడా రాయండి. రోగి వెంట వచ్చినవాళ్లకు నోటితోనూ చెప్పి పంపండి. రేపు వాళ్లు వెళ్లేది మీ ఆసుపత్రికే కాకపోవచ్చు.