మూతపడిన బడులు, వేచియున్న జబ్బులు
(శ్రీరాంపూరు తల్లుల సమావేశమున ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



ముసురు పట్టినదనిన మన కాలనీలలో ఇంటికొక బిడ్డయైనను దగ్గుచుండును. ఇది ఏటేట వచ్చునదే. కాని కరోనా కాలమున ప్రపంచమందలి పెక్కు దేశములలో ఈ వరుస తప్పినది. అందువలన బిడ్డలకు మేలు కలిగినదా, కీడు కలిగినదా అని మీలో పలువురు నన్నడిగినారు.

2020 మార్చి నెలలో బడులు మూతపడినవి. మన రాష్ట్రమున చిన్న తరగతుల పిల్లలు 2021 సెప్టెంబరు వరకు, అనగా దాదాపు ఏడాదిన్నర, బడి గడప తొక్కలేదు. పెండ్లిళ్లకు, జాతరలకు జనము తగ్గిరి. మూతికి గుడ్డ కట్టుకొంటిమి. ఈ కట్టుబాట్లు కరోనా కొరకే ఏర్పడినను, తుంపరలతో వ్యాపించు తక్కిన జబ్బుల దారిని కూడ మూసినవి. ఫ్లూ జ్వరము కలిగించు వైరసులలో ‘బి యమగాటా’ అను ఒక శాఖ 2020 మార్చి తరువాత ఎచ్చటను నిర్ధారణగా కానరాలేదు. గుడ్డపేలికకు ఒక రోగబీజము ఓడిపోయెనన్న వింత కాదా!

తక్కినవి ఓడలేదు, వేచియున్నవి. పసిబిడ్డలకు ఉబ్బసము వలె పిల్లికూతలు పుట్టించు ఆర్.ఎస్.వి. అను వైరసు సంగతి వినుడు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2020 శీతకాలమున అది నూటికి 98 పాళ్లు తగ్గినది. ఆంక్షలు సడలిన పిదప, సాధారణముగ రాని వేసవి దినములలో విజృంభించినది. ఏటేట కొందరు బిడ్డలకు ఆ జబ్బు సోకి కొంత నిరోధశక్తి కలుగును. ఆ ఏడు చాలమందికి సోకలేదు. తల్లులకును సోకనందున వారి నుండి కడుపులోని బిడ్డకు చేరు రక్షణయు తగ్గినది. కావున రెండేండ్ల పిల్లలు పెక్కురు ఒక్కమారుగా దానికి చిక్కిరి.

ఇది విని, “పిల్లలకు జబ్బులు రానిచ్చుటయే మంచిది కాబోలు” అని కొందరందురు. నేను ఒప్పుకొనను. ఆరు నెలల లోపు బిడ్డకు ఈ జబ్బు ప్రాణాంతకము కావచ్చును. ఏడాది దాటిన బిడ్డ దానిని తట్టుకొనగలదు. ఆలస్యముగ వచ్చిన జబ్బు చాలమారులు తేలికయైన జబ్బే.

నిజమైన నష్టము వేరొక చోట జరిగినది. ఆ తొలి నెలలలో టీకాలు ఆగినవి. దేశమున మూడవ విడత డి.పి.టి. టీకా పొందిన బిడ్డలు 2019లో నూటికి 91 మంది కాగా, 2020లో 85 మందియే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ అంచనా. తట్టు మూతిగుడ్డలు తీసివేయువరకు ఊరకుండి, 2022లో ముంబయి నగరమున చెలరేగి పసివారిని బలిగొన్నది. రాంచీ, అహమ్మదాబాదు, మలప్పురములకు కేంద్రప్రభుత్వము వైద్యబృందములను పంపవలసి వచ్చినది. తట్టును అమ్మవారని మ్రొక్కువారు మ్రొక్కుదురు గాక, నేను కాదనను. టీకా మాత్రము మానవలదు. మొదటిది 9 నెలలు నిండగనే, రెండవది 16 నెలలకు పైన, రెండేండ్ల లోపున. తప్పినవారికి ఐదేండ్లు నిండువరకు వేయుదురు.

ఇక దగ్గు పడిసెముల మాట. ప్రతి దగ్గుకును సూది అక్కరలేదు. వైరసు జబ్బులకు ఆ ఘాటు మందులు పనిచేయవు. బిడ్డ నెమ్మదిగా నున్నప్పుడు, ఏడ్వని వేళ, పొట్ట చూచుచు నిండు నిమిషము ఊపిరి లెక్కింపుడు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషమునకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఐదేండ్ల లోపు బిడ్డకు 40, లేక అంతకు మించియున్న అది న్యుమోనియా కావచ్చును. డొక్కలు లోనికి పోవుచున్నను, పాలు త్రాగకున్నను, పెదవులు నీలి తిరిగినను లెక్కతో పనిలేదు, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. రాత్రియైనను తెల్లవారువరకు ఆగవలదు.

2020, 2021లలో పుట్టిన బిడ్డలున్న ఇండ్లవారు టీకా కార్డులను ఒకమారు తీసి చూడుడు. గడి ఖాళీగా నున్న ఏ.ఎన్.ఎం.కు చూపుడు. వయసు మించినవారికి ఏమి వేయవలెనో ఆమె వైద్యుని అడిగి చెప్పును. కార్డు పోయినవారును రావచ్చును. పాత పుస్తకములలో పేరు వెదకి చూతుము.